అమ్మ గడ్డలోని తెల్లకణాలు

మా నాయినకు సగం విని పరుగెత్తడం అలవాటు. అమ్మ రొమ్ములోంచి తీసిన గడ్డ గురించి డాక్టరుగారు "లోపల తెల్లకణాలు బాగా చేరాయండీ" అన్నారట. అంతే, మిగతాది వినకుండా ఎల్బీ నగర్‌లో బస్సెక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల దుకాణం పక్కన మైసూర్‌పాక్ కట్టించుకుని ఇంటికొచ్చాడు.

"ఏమే, నీ ఒంట్ల సిపాయిలే గడ్డల జొర్రి కొట్లాడుతున్నరట! ఇగ ఫికర్ లేదు" అని అమ్మ నోట్లో ముక్క పెట్టాడు.

అమ్మ ఆ మాటను పట్టుకుని కూర్చుంది. ఆపరేషన్‌లో గడ్డ తీసేసినా క్యాన్సర్ ఒంట్లో మిగిలి ఉండొచ్చని కీమో ఎక్కించాలన్నారు. దవాఖానలో జుట్టూడిన ఆడవాళ్లను చూసినప్పటి నుంచి ఆమెకు దాని పేరెత్తితేనే వణుకు. "ఒంట్ల ఉన్నయే కొట్లాడుతుంటే పైనుంచి గా మందెందుకు? నేను రాను" అని తేల్చేసింది. బతిమాలాను, కోప్పడ్డాను. వినలేదు.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. తెల్లకణాలు ఒంటికి కాపలా అని ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసేదాన్ని నేనే. కానీ అంత కాపలా ఉంటే గడ్డ అంతెందుకు పెరిగింది? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడు నేనే వెళ్లి డాక్టరుగారిని అడిగాను.

ఆయనది గుంటూరు వైపు. నిదానంగా చెప్పారు. "ఎక్కువగా ఉన్నవి మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలండీ. గడ్డను తినేయడానికే వస్తాయి. లోపలికొచ్చాక వాటి తీరు మారిపోతుంది. అవి అన్నున్నాయంటే సంతోషించే విషయం కాదు. అమ్మగారికి మందు ఆలస్యం చేయకండి."

తిరుగు దారిలో ఆటోలో ఏడుపు ఆపుకోలేకపోయాను. మైసూర్‌పాక్ గుర్తొచ్చి నాయిన మీద ఒళ్లు మండింది.

ఆ మర్నాడు బంద్. తెలంగాణ కోసం బంద్‌లు మామూలైపోయిన రోజులవి. దుకాణం షట్టర్ దించేసి నాయిన టీవీ ముందు చేరాడు. మెయిన్ రోడ్డు మీది నినాదాలు వంటింట్లోకి వినిపిస్తున్నాయి. అమ్మ తోటకూర తుంచుతోంది. పక్కన కూర్చుని మొదలుపెట్టాను.

"అమ్మా, వేలు తెగితే ఏమైతది? ముందు తెల్లకణాలొచ్చి క్రిములను తింటయి. తర్వాత అవే పుండు మాన్పుతయి. కొత్త రక్తనాళాలు పుట్టిస్తయి, రక్తం తెప్పిస్తయి."

"అయితే?"

"గడ్డ గూడ పుండు లెక్కనే కబురు పంపుతది. చంపనీకి వచ్చినయి ఆ కబురు విని మాన్పుడు మొదలుపెడ్తయి. గడ్డకు రక్తం అందిస్తయి. కొట్లాడనీకి వేరే కణాలొస్తే వాటిని గూడ ఆపుతయి."

నాయిన టీవీ ముందు నుంచి లేచొచ్చాడు. "అంటే ద్రోహులన్నట్టే గద!"

ఆ నెలల్లో ఆ మాట అందరి నోటా ఉండేది. బస్సులో, చాయ్ బండి దగ్గర, మా కాలేజీ స్టాఫ్‌రూములో కూడా. ఎవరికి ఎప్పుడు తగిలిస్తారో తెలిసేది కాదు. నాకూ ఆ కణాల మీద అంత కసి ఉంది, అవునన్నట్టు తలూపాను.

అమ్మకు కోపమొచ్చింది. "ఏందా మాట? నా ఒంట్ల ఉన్నయి ద్రోహులెట్లయితయి? పుండనుకొని సేవ చేస్తున్నయి. వాటికేం ఎరుక?"

అమ్మ చేతిలో తోటకూర కాడ అలాగే ఉండిపోయింది. తల వంచుకుని, మాకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది.

"నేను గూడ గట్లనే చేసిన బిడ్డా. ఎండాకాలంల గడ్డ చేతికి తగిలింది. సెగగడ్డనుకున్న. దుకాణం గిరాకీల మీ నాయిన పరేషాన్ల ఉన్నడని ఎవ్వరికి చెప్పలే. పసుపు నూరి రాసిన, వేడి గుడ్డ కాపిన. మానుతది, మానుతది అనుకుంట దసరా దాక సాకిన."

నాయిన గోడకు చేరగిలబడ్డాడు. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో తిరుగుతూ మాకు తెలియనే లేదు. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

"కీమో ఎక్కితే గా కణాలు గూడ చస్తయా?" అని అడిగింది అమ్మ.

"చాన చస్తయమ్మా. ఒంట్ల మంచియి గూడ కొన్ని చస్తయి."

"పాపం" అంది. చెంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆమె నోటి నుంచి నేనెప్పుడూ వినని మాట వచ్చింది. చీర కావాలని, నగ కావాలని, ఊరికి పోతానని కూడా ఏనాడూ అడిగిన మనిషి కాదు.

"చావనియ్యి. దవాఖానకు పోదాం. నాకు బతకాలనుంది."