చాయ్ తాగని పిల్లగాడు

ఇప్పుడంటే ఎవరు ఫోన్ ఎత్తినా పళ్ళన్నీ బయటపెట్టి ఫోటో దిగుతున్నాను గానీ, ఆ రోజుల్లో నా నవ్వు నాకు తప్ప ఎవరికీ తెలియదు. (ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు. పెళ్ళి సంబంధాలు అప్పటికే ఫోన్లలో తిరుగుతున్నాయి.) నా పై పళ్ళు పుట్టుకతోనే తొందర మనుషులు. నేను గుమ్మం దాటకముందే అవి దాటేవి. కింది పళ్ళను ఎంతగా కప్పేసేవంటే, నాకు కింది వరస కూడా ఉందని చూపిస్తే తప్ప ఎవరూ నమ్మేవారు కారు. బళ్ళో దోస్తులు మక్కకంకి కనపడితే చాలు, "వీనికియ్యున్రి, ఒక్క నిమిషంల ఒల్చి పెడ్తడు" అనేవారు. అందుకే మూతి బిగించి, పైగా చెయ్యి అడ్డం పెట్టి నవ్వడం నేర్చుకున్నాను. చూసేవాళ్ళకు అది నవ్వో, తుమ్మును ఆపుకోవడమో తెలిసేది కాదు.

చదువయ్యాక జహీరాబాద్‌లో ఒక ఎరువుల దుకాణంలో పనికి కుదిరాను. ఆ పనికి కావలసినవి రెండే, ఓపికా, చాయ్ తాగే శక్తీ. మొగుడంపల్లి నుంచి వచ్చిన రైతు అల్లానికి మందు కొనాలన్నా, నిరుడు కొన్న మందు పనిచేయలేదని తిట్టాలన్నా ముందు నాకు చాయ్ చెప్పేవాడు. పక్కనే చాచా హోటల్. (ఆయన అసలు ఎవరికి చాచానో తెలియదు, ఊరందరికీ చాచానే.) నా మొహం కనపడితే అడగకుండానే గ్లాసు నింపేవాడు, నేనూ కాదనకుండా ఖాళీ చేసేవాణ్ణి. ఉద్యోగమూ బాగుంది, చాయ్ కూడా బాగుంది. సంబంధాలే నా ఫోటో దాకా వచ్చి ఆగిపోయేవి. అమ్మ దిగులు పడింది. "పండ్లు లోపటికి వోవాలంటే దవడ కోస్తరంట అక్కా" అని మా మేనమామ ఆ దిగులుకు భయం కూడా జోడించాడు.

ఆ భయంతోనే అమ్మా నేనూ సంగారెడ్డిలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె నా నోట్లో అద్దం పెట్టి, ఎక్స్‌రే తీయించి, నవ్వింది. "కోసుడు ఏం లేదమ్మా. దవడ ఎముకలల్లనే బాగా తేడా ఉంటే అప్పుడు ఆపరేషన్ మాట. మీ వాడివి పళ్ళే ముందుకొచ్చినయి. పెద్దోళ్ళకు గూడ జరుగుతయి, పిల్లల కన్నా జర నెమ్మది, అంతే" అంది. తర్వాత బల్ల మీద నమూనాలు పరిచింది. ఇనుప తీగలు కట్టేది ఒకటి, పంటి రంగులో కలిసిపోయేది ఒకటి, తీగల్లేకుండా పళ్ళకు తొడుక్కునే అద్దం లాంటి ప్లాస్టిక్ తొడుగులు ఒకటి. ఏది పెట్టినా నాకు పై పళ్ళ నుంచి కింది పళ్ళకు సన్నటి రబ్బర్లు తగిలించక తప్పదట. నేనింకా వాటిని తిప్పి చూస్తుండగానే అమ్మ తీర్పు చెప్పేసింది. "నోట్లె ఇనుము జూస్తే పిల్లనెవలిస్తరు డాక్టరమ్మా? కండ్లకు కనవడనియ్యే పెట్టున్రి."

అప్పుడు డాక్టరమ్మ అసలు సంగతి బయటపెట్టింది. తొడుగులు తినేటప్పుడూ, పళ్ళు తోముకునేటప్పుడూ తప్ప తీయకూడదు. అవి నోట్లో ఉండగా మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు. "ముఖ్యంగ చాయ్. వేడికి వంగిపోతయి, రంగు గూడ పడ్తది" అంది. దవడ కోస్తామన్నా నాకంత బాధ కలిగేది కాదు. తిరుగు బస్సులో అమ్మ నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది. "పెండ్లి అయ్యేదాంక ఈ ముచ్చట ఎవలికన్న చెప్పినవో, నా మీద ఒట్టు."

చాయ్ తాగినప్పుడల్లా తొడుగులు తీసి, పళ్ళు తోముకుని, మళ్ళీ తగిలించుకోవాలంటే దుకాణం మూసుకుని నల్లా దగ్గరే కాపురం పెట్టాలి. అందుకని చాయే మానేశాను. ఇక చూడండి! మా సేట్ నేనేదో మొక్కు మొక్కుకున్నానన్నాడు. రైతులు "మా చాయ్ నీకు ఆనుతలేదా?" అని అలిగితే కడుపులో మంట అని తప్పించుకున్నాను, దాంతో తలా ఒక మందు తెచ్చారు. (నానబెట్టిన మెంతులు తినీ తినీ నిజంగానే కడుపులో మంట పుట్టింది.) చాచా అయితే నాకు ఎవరో పిల్ల హ్యాండ్ ఇచ్చిందని తేల్చేసి, "ఫికర్ జెయ్యకు బేటా, అన్నీ మంచిగైతయి" అని వీపు నిమిరేవాడు. కొత్తలో తొడుగులకు నాలుక తగిలి మాట జారేది కాబట్టి ఆచితూచి మాట్లాడేవాణ్ణి. అది చూసి పిల్లగాడికి బుద్ధి పెరిగిందన్నారు. ఊరు ఇంత తేలిగ్గా మోసపోతుందని తెలిస్తే చిన్నప్పుడే మొదలుపెట్టేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే న్యాల్‌కల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. మా వైపు పిల్లనివ్వాలంటే ముందు పిల్లగాడి సంగతి చాయ్ హోటల్లోనో, పాన్ డబ్బా దగ్గరో అరుసుకుంటారు. పిల్ల తండ్రి నేరుగా వచ్చి చాచా ముందు కూచున్నాడు. చాచా నా మీద ప్రేమ కొద్దీ రెచ్చిపోయాడు. "ఏం చెప్పాలె పటేలా! పాన్ ముట్టడు, సిగిరెట్ ముట్టడు. అరే, చాయ్ గూడ ముట్టడు!" ఆ పెద్దమనిషి చేతిలోని చాయ్ చల్లారిపోయిందట. ఈ కాలంలో ఇలాంటి పిల్లగాడా అని అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేశాడట.

పిల్లను చూడ్డానికి వెళ్ళిన రోజు నేనొక కుట్ర పన్నాను. ఊరి బయటే తొడుగులు తీసి డబ్బాలో పెట్టేశాను, ఎలాగూ చాయ్ ఇస్తారు కదా అని. ఇచ్చారు, నాకు తప్ప అందరికీ. కొత్త అల్లం దంచి వేసిన చాయ్ వాసన గది నిండా కమ్ముకుంటుంటే, ఆ తండ్రి నా చేతికి పెద్ద స్టీలు గ్లాసు నిండా పాలు అందించి, "మా పిల్లగాడు చాయ్ తాగడు" అని చుట్టాలందరికీ గొప్పగా చెప్పాడు. ఎదురుగా ఆ అమ్మాయి, పెళ్ళిచూపులన్న జంకే లేకుండా, చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతోంది. నాకు ఆమె ఆ క్షణమే నచ్చేసింది. నన్ను సూటిగా చూసి, "నిజంగనే తాగరా?" అని అడిగింది. అమ్మ నా వైపు గుడ్లురిమింది. "తాగను" అన్నాను. "మంచిది" అని ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మేనమామ మొహం వేలాడేసుకుని వచ్చాడు. "పిల్ల ఒద్దన్నదట్రా. 'ఆయన నీ చాయ్ పిచ్చి గూడ ఒదిలిస్తడు' అని తండ్రి అన్నడంట, ఇగ ససేమిరా అంటున్నది." పళ్ళ వల్ల తప్పిపోయిన సంబంధాలకు నేనెప్పుడూ ఏడవలేదు, అలవాటైపోయింది. చాయ్ ప్రాణమైనవాణ్ణి చాయ్ తాగననే కారణంతో కాదంటే మాత్రం గుండె తరుక్కుపోయింది. ఆమె చిరాగ్‌పల్లి బడిలో టీచర్, రోజూ జహీరాబాద్‌లోనే బస్సు మారుతుంది. ఒట్టు తప్పుతున్నందుకు క్షమించమని అమ్మను మనసులోనే వేడుకుని బస్టాండుకు వెళ్ళాను. "ఒక్క చాయ్ తాగి పోండ్రి" అన్నాను. ఏమనుకుందో, వచ్చింది.

చాచా ఆమెకు చాయ్, నాకు మంచినీళ్ళు పెట్టాడు. "నాగ్గూడ చాయ్" అన్నాను. హోటలంతా నా వైపు తిరిగింది. జేబులో చెయ్యి పెడితే డబ్బా లేదు, దుకాణంలోనే మరిచిపోయాను. ఇక లాభం లేదని మొహం పక్కకు తిప్పి, రబ్బర్లు ఊడదీసి, రెండు తొడుగులూ లాగి సాసర్లో పెట్టాను. చాచా చేతిలోంచి కెటిల్ జారింది. "యా అల్లా! పోరగాని పండ్లు ఊడినయి! నీళ్ళు తెండ్రి!" అని కేకపెట్టాడు. వెనక బల్ల మీది రైతొకడు తాపీగా, "చాయ్ బంద్ జేస్తె గట్లనే అయితది" అన్నాడు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, చాయ్ ముక్కులోకి ఎక్కేదాకా నవ్వింది. నేను డాక్టరమ్మ నుంచి అమ్మ ఒట్టు దాకా అన్నీ చెప్పి, కళ్ళు మూసుకుని ఆ చాయ్ తాగాను. (కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వేడికి అని చెప్పాను.) "పండ్లకేమున్నది, అవి ఎట్లన్న జరుగుతయి. నేనొద్దన్నది పండ్లను జూసి గాదు" అంది. నా పళ్ళ గురించి అంత తేలిగ్గా మాట్లాడిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు, నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. వెళ్తూ వెళ్తూ ఆమె కూడా ఒక ఒట్టు పెట్టింది. "మా నాయినకు మాత్రం చెప్పకున్రి. చాయ్ తాగని అల్లుడు దొరికిండని ఊరంత చెప్పుకున్నడు. ఆయన ఇజ్జత్ వోతది."

అలా పెళ్ళయింది. పళ్ళు కూడా కొంచెం కొంచెంగా జరిగి లోపలికి సర్దుకున్నాయి. లోకమంతటా చాయ్ తాగుతూ న్యాల్‌కల్‌లో మాత్రం పాలు తాగే అల్లుణ్ణయ్యాను. వెళ్ళినప్పుడల్లా మామ స్టీలు గ్లాసు నిండా తనే పోసేవాడు, మా ఆవిడ తర్వాత కొట్టం వెనక్కి దొంగచాటుగా చాయ్ తెచ్చేది. మొన్న వెళ్ళినప్పుడు అక్కడ ఆమె కోసం ఎదురుచూస్తుంటే, రెండు గ్లాసులు పట్టుకుని మామే వచ్చాడు.

"తాగు అల్లుడా. ఇయ్యాల పాలు చాయ్‌కే సరిపోయినయి."

"మీకు... ఎప్పటి సంది తెలుసు మామా?"

"పండ్లు సాసర్ల పెట్టినవని చాచా ఆ దినమే ఫోన్ జేసిండు."

"మరి గిన్నేండ్లు నాతోని పాలెందుకు తాగిపిచ్చిన్రు?"

"ఎన్నటికన్న చెప్తవని జూసిన. నువ్వేమో నా ఇజ్జత్ కోసం మొఖం మాడ్చకుండ తాగవడ్తివి. నీ మొఖం జూస్కుంట మీ అత్త, నేను మస్తు నవ్వుకునేటోళ్ళం."

ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతుంటే నా చెయ్యి పాత అలవాటు కొద్దీ నోటి దగ్గరికి లేచింది. పళ్ళు సర్దుకుని ఏళ్ళయింది. (పడుకునేటప్పుడు ఇప్పటికీ తొడుగు పెట్టుకోవాలి, లేకపోతే మళ్ళీ తొందరపడతాయట.) ఆ కబురు ఆ చేతికి ఇంకా అందినట్టు లేదు, పిచ్చిది. దానికి చాయ్ గ్లాసు అప్పగించి, మామ ముందు నోరారా ఇంకోసారి నవ్వాను.