నా రిపోర్టు ముందు ఎవరికి చెప్పాలి?

ఒకరోజు చొక్కా పై గుండీ పట్టలేదు. మెడ పక్కన చేతికి ఏదో గడ్డలా తగిలింది. నొప్పి లేదు. ఆటోనగర్‌లో లారీ బాడీలకు ఎస్టిమేట్లు వేయడం నా పని. పనిలో ఉంటూ నేర్చుకున్న లెక్కలే. షెడ్డులో టేపు పెట్టి మెడ కొలుచుకున్నాను. కొన్నాళ్లాగి మళ్లీ కొలిస్తే పెరిగింది.

విజయవాడలోని ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో గడ్డలో సూది గుచ్చి తీసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష, తర్వాత బయాప్సీ చేశారు. రిపోర్టు రాగానే డాక్టర్లు మా బావమరిదిని బయటికి పిలిచారు. తిరిగొచ్చి, "ఉత్త గడ్డే బావా, మందులకి పోద్ది" అన్నాడు. మా ఆవిడ మాత్రం తెచ్చిన క్యారేజీ విప్పనే లేదు.

రోజూ బీపీ చూడటానికి వచ్చే మెడికల్ స్టూడెంట్ అమ్మాయిని అడిగాను.

"ఇన్ఫెక్షనండీ" అంది, బీపీ మిషన్ వైపే చూస్తూ.

మర్నాడే బోన్ మారో టెస్ట్ రాశారు. ఇన్ఫెక్షన్‌కి ఇన్ని పరీక్షలెందుకు? ఎలా కూడినా లెక్క కుదరలేదు. ఎవరూ చెప్పకపోయేసరికి, నా ఊహలో ఆ జబ్బు రోజురోజుకీ పెద్దదైంది.

తర్వాతి రౌండ్స్‌లో ప్రొఫెసర్‌గారు స్టూడెంట్లతో వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు.

"వీళ్లు ఉండొచ్చా, బయటికి పంపమంటారా?"

"ఉండనివ్వండి."

"మీరడిగితే ఈ అమ్మాయి ఇన్ఫెక్షనని చెప్పిందట. తనే వచ్చి నాతో చెప్పింది. అది నిజం కాదండీ. మీ జబ్బు గురించి మీకెంతవరకు చెప్పమంటారు?"

"కాళ్లావేళ్లా పడి చెప్పొద్దన్నాం కదా సార్!" బావమరిది గొంతు లేచింది.

"మీ బాధ తెలుసండీ. కానీ ఆయనే అడిగారు."

"మొత్తం చెప్పండి" అన్నాను.

"లింఫోమా. క్యాన్సరే. కీమోథెరపీకి లొంగుతుందనే అనుకుంటున్నాం. గ్యారంటీ మాత్రం ఇవ్వలేను."

మా ఆవిడ నా భుజం పట్టుకుని అందరి ముందే ఏడ్చింది. అన్నాళ్లూ బాత్‌రూంలో ఏడ్చేదట.

మూడో కీమో తర్వాత జ్వరంతో మళ్లీ చేర్చారు. ఆ అమ్మాయే వచ్చి కూర్చుంది.

"డబ్ల్యూబీసీ, అంటే తెల్లకణాల కౌంట్, బాగా పడిపోయిందండీ. సార్ కూడా కంగారు పడుతున్నారు."

"మరి నువ్వో?"

"నాకూ భయంగానే ఉందండీ."

ఆ వారం నిద్ర లేదు. తర్వాత ఒక పొద్దున ఆమె "కౌంట్ పెరిగిందండీ" అంటే, అంకె ఎంతని కూడా అడగకుండా నమ్మాను.

ఇప్పుడు ట్రీట్‌మెంట్ అయిపోయింది, పనికి వెళ్తున్నాను. స్కాన్ దగ్గరపడితే చెయ్యి మెడ మీదికే పోతుంది. ప్రొఫెసర్‌గారు పిలిచినప్పుడు కొత్త బ్యాచ్ ఎథిక్స్ క్లాసుకు వెళ్లి ఇదంతా చెబుతాను. మొన్న ఒకబ్బాయి, "నిజం తెలిశాక భయం తగ్గిందాండీ?" అన్నాడు.

"తగ్గలేదు బాబూ. అప్పటిదాకా నా భయం నాది, మా ఆవిడ భయం ఆవిడది. తర్వాత ఇద్దరం కలిసి భయపడ్డాం."

ఇది చదివే మీకూ ఒక మాట: ఆసుపత్రిలో చేరిన రోజే, ఇంట్లోవాళ్లు పక్కనుండగా, రిపోర్టు ముందు ఎవరికి చెప్పాలో డాక్టరుగారితో మీ నోటితో చెప్పండి. వినడం ఇష్టం లేకపోతే, అదీ మీరే చెప్పండి.