నా సగం మోసిన బావ

మొన్న మా అల్లుడికి హెర్నియా ఆపరేషన్ అయింది. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని, పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కుతాడు, సాయంత్రం దిగీ దిగగానే బ్యాటు పుచ్చుకుని షటిల్ ఆడ్డానికి పోతాడు. కడుపు మీద మూడు చిన్న చిల్లులు పెట్టి లోపల వల లాంటిదేదో అతికించారట, మర్నాడే ఇంటికి పంపేశారు. మూడో రోజుకి హాల్లో అటూ ఇటూ నడుస్తూ స్నేహితులందరికీ ఫోన్లు చేసి, ఫలానా చోట ఫలానా జబ్బని పెళ్లి కబురు చెప్పినంత హుషారుగా చెప్పుకుంటున్నాడు. మా రోజుల్లో ఆ మాట పెళ్లానికి చెప్పడానికే సిగ్గుతో చచ్చేవాళ్లం కదా అనుకుంటూ కూర్చున్నాను. అంతలో నా వైపు తిరిగి, మీకూ అయిందట కదా మావయ్యా, మళ్లీ ఎన్నాళ్లకి పనిలోకి వెళ్లారని అడిగాడు. డాక్టరు పొమ్మన్న మర్నాడే వెళ్లిపోయానని చెప్పాను. నలభై ఏళ్లుగా ఎవరడిగినా ఇదే చెబుతున్నాను. ఇది అబద్ధం. పదిహేను రోజులు కావాలనే ఆగాను. ఆ పదిహేను రోజుల సంగతి నా ఈడువాళ్లైన మీకైనా చెప్పుకుందామని ఈ కాగితం ముందేసుకున్నాను.

నేను అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీగా పనిచేసినవాణ్ణి. ఇప్పుడు నడుం వంగిన ఈ మనిషిని చూస్తే ఎవరూ నమ్మరు గానీ, ఆ రోజుల్లో బెల్లం దిమ్మల బస్తా వీపున వేసుకుని, లారీకి ఆన్చిన బల్ల మీదుగా ఊగుతూ ఎక్కేవాణ్ణి. సీజన్లో ఎన్ని చెంబులు పోసుకున్నా ఒంటికి ఆ తీపి వాసన పోయేది కాదు, చీమలు మంచం దాకా వస్తున్నాయని మా ఆవిడ దెప్పేది. మా ముఠాలో పనంతా జతలుగా సాగేది. ఒకడు ఎత్తి పెడితే ఒకడు మోస్తాడు, కాసేపటికి వాడు ఎత్తుతాడు, వీడు మోస్తాడు. జతలో ఒకడు పడకేస్తే రెండోవాడు బయటి నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు, కానీ అలా వచ్చినవాడు మళ్లీ కదలడు, పడకేసినవాడి చోటు పోయినట్టే. నా జత మా బావ, అంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దవాడైనా ఆయన కూడా నన్ను బావా అనే పిలిచేవాడు. పక్క వీధిలోనే ఇల్లు, ఇద్దరం ఒకే సైకిలు మీద మార్కెట్టుకి పోయేవాళ్లం.

మార్కెట్టు పొట్ట కోసం. మనసంతా సంగిడి రాయి మీద ఉండేది. మా ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు, ఊరి అమ్మవారి పండగనాడు కుర్రాళ్లు గోచీ బిగించి బరువు రాళ్లు తలపైకి ఎత్తే పందెం అది. మా ఊరి పెద్ద రాయిని అప్పటికి చాలా ఏళ్లుగా ఎవరూ ఎత్తలేదు. ఆ ముందటి పండక్కి నేను గుండెల దాకా తెచ్చి వదిలేస్తే పక్క ఊరివాళ్లు చప్పట్లు కొట్టి మరీ నవ్వారు. ఆ నవ్వు ఏడాదంతా నా చెవుల్లో ఉండిపోయింది. బలం ఉన్నవాడికి బుర్ర మోకాల్లో ఉంటుందని మా అమ్మ అనేది, నన్ను చూసే అనేదనుకుంటాను.

ఆ రాయి వల్ల వచ్చిందో, బస్తాల వల్ల వచ్చిందో, ఆ వానాకాలం తొడ మొదట్లో నిమ్మకాయంత వాపు కనబడింది. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే మళ్లీ వచ్చేది. తువ్వాలు బిగించి కట్టుకుని ఎవరికీ చెప్పకుండా తిరిగాను. ఓ రోజు బోరు దగ్గర స్నానం చేస్తుంటే బావ చూశాడు, చూస్తూనే ఇది ఫలానా అని పోల్చుకున్నాడు. నీకెలా తెలుసని అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. కార్తీకంలో తనే దగ్గరుండి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ డాక్టరుని ఆయన అడిగినన్ని ప్రశ్నలు నేను అడగలేదు. కోయకుండా ఎన్నాళ్లు నెట్టుకు రావచ్చు, బరువులెత్తుతూనే ఉంటే ఏమవుతుంది, ఇలాంటివన్నీ. నా మీద ఎంత ప్రేమో అనుకుని మురిసిపోయాను.

అప్పటి ఆపరేషన్ అంటే జానెడు కోత, వారం రోజులు ఆసుపత్రి మంచం, తర్వాత మూడు నెలలు చెంబెడు నీళ్లకి మించి ఎత్తకూడదన్న ఆంక్ష. నేను ఇంట్లో పడుకుని వెన్ను నొప్పెడుతోందని విసుక్కునేవాణ్ణి. బావ మాత్రం జతలోకి బయటివాణ్ణి రానివ్వలేదు. ఎత్తి పెట్టేవాడు లేకపోతే, దొంతర మీద నుంచి తనే బస్తాని వీపు మీదికి లాక్కుని, నా వంతు కూడా తనే మోశాడు. సాయంత్రం వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుని మార్కెట్టు కబుర్లు చెప్పేవాడు, మా అప్ప పచ్చి ఒంటికి మంచిదని వెల్లుల్లి కారం పంపేది.

మాఘమాసంలో మూడు నెలలూ నిండాక మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. అంతా బాగుంది, ఇక పనిలోకి వెళ్లొచ్చన్నాడు డాక్టరు. తిరిగొచ్చేటప్పుడు బస్సు సబ్బవరంలో ఆగితే దిగి టీ తాగాం. పండగ ఇంకా పదిహేను రోజులుంది. మార్కెట్టుకి వెళితే సీజన్ బరువులకి ఒళ్లు అలిసిపోతుంది, ఈ పదిహేను రోజులూ రాయి మీద సాధన చేసుకుని పండగయ్యాక పనిలోకి వస్తానని బావతో అన్నాను. అప్పుడు ఆయన ఒక చేత్తో గ్లాసు పట్టుకుని మిగిలిన టీ తాగేశాడు. రెండో చెయ్యి పొత్తికడుపు మీద ఆనించుకుని ఉన్నాడు. ఆ చెయ్యి నాకిప్పుడు కనిపిస్తోంది గానీ అప్పుడు కనపడలేదు.

"సర్లే బావా, పదేను రోజులే గదా. డాట్రు పండగెల్లేక రమ్మన్నాడని మేస్త్రీకి నాను సెప్పుకుంతాను. నువ్వు రాయి సంగతి సూడు" అన్నాడు.

అలా ఆ అబద్ధం మా ఇద్దరి మధ్యా ఉండిపోయింది. మేస్త్రీ నమ్మాడు, మా ఆవిడ నమ్మింది, మా అప్ప కూడా నమ్మింది. నేను తెల్లవారకుండానే చెరుకు మళ్ల వెనక్కి పోయి చిన్న రాళ్లతో మొదలుపెట్టి రోజురోజుకీ బరువు పెంచుకుంటుంటే, బావ ఆ సీజన్ రద్దీలో ఇద్దరి బరువూ మోస్తూనే ఉన్నాడు.

పండగనాడు రాయి ఎత్తాను. ఎలా ఎత్తానో అడక్కండి, తలపైన చేతులు నిటారుగా నిలబడ్డప్పుడు ఊరంతా అరిచిన అరుపు మాత్రం గుర్తుంది. రాయి కింద పడెయ్యగానే అందరికంటే ముందు బావ పరిగెత్తుకొచ్చాడు, నన్ను అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నాడు, డప్పుల వెంట గుడి చుట్టూ తిప్పాడు. నేనేమో పక్క ఊరివాళ్లెక్కడున్నారా అని చూస్తున్నాను.

మర్నాడు పొద్దున్న ఆయనకి వాంతులు మొదలయ్యాయి. పండగ మాంసం అరగలేదనుకున్నాం. వాము కషాయం ఇచ్చాం, సోడా తాగించాం, ఒక పగలంతా అలా పోగొట్టాం. కడుపు బల్లలా బిగిసిపోయాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. పేగు చిక్కుకుని లోపల కుళ్లిపోయిందన్నారు. కోశారు. మూడో రోజు పోయాడు.

పెద్ద దినం అయ్యాక మా అప్ప అరుగు మీద కూర్చుని, నా మొహం చూడకుండానే చెప్పింది. "మీ బావకీ ఉందిరా, నీకన్నా ముందు నుంచీ. నీ ఒళ్లు బాగయ్యి నువ్వు పన్లోకి దిగేక ఎల్లి కోయించుకుంతానన్నాడు. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నీకు ఇంకో నాలుగు రోజులు ముందు నయమైపోయుంటే బాగుణ్ణురా. నువ్వేం సేత్తావులే, డాట్రు వద్దన్నాడు గదా."

అప్పుడు చెప్పాల్సింది. లేచి ఇంటికి వచ్చేశాను. మరో నెలకి చెబుదామనుకున్నాను, ఏడాదికి చెబుదామనుకున్నాను. ఆ తర్వాత వాళ్ల పిల్లల్ని నా పిల్లలతో పాటే చదివించి పెళ్లిళ్లు చేశాను. తమ్ముడంటే వీడూ అని అప్ప పదిమందిలో చెప్పినప్పుడల్లా భూమిలోకి కుంగిపోయేవాణ్ణి. రాయిని మళ్లీ ముట్టుకోలేదు.

ఇప్పుడు మార్కెట్లో మా నాటి జతలు లేవు, దిమ్మలు కూడా చిన్నవైపోయాయి. కంపెనీలవాళ్లకి సెలవులున్నాయి, ఎవడి జబ్బు వాడిదే, ఎవడి కోత వాడిదే, ఒకడు పడుకుంటే ఆ బరువు ఇంకొకడి ఒంటి మీద పడదు. పూర్వపు మంచి రోజులని మనవాళ్లు అంటుంటే నేనూ తలాడిస్తాను గానీ, ఈ ఒక్క విషయంలో ఇప్పటి రోజులే నయం. అయితే నా చోటు పోకూడదని ఇద్దరి బరువూ మోసిన మనిషి లాంటివాడు మాత్రం నాకు తర్వాత ఎక్కడా తారసపడలేదు.

మా అప్ప పోయి రెండేళ్లయింది. చెబితే తిట్టేది, గుండెలు బాదుకునేది, నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదేమో. అయినా తన మొగుడు ఆ పదిహేను రోజులూ ఎందుకు ఆగాడో ఆవిడకి తెలియాలి కదా. తెలియకుండానే పోయింది.