నర్సమ్మ నా చేతికిచ్చిన తాళాల గుత్తి

పోయిన మంగళవారం తెల్లవారేసరికి మా ఎదురింటి నర్సమ్మ నిద్రలోనే పోయింది. "ఎవరికీ పని పెట్టకుండా పోవాల" అనేది, అన్నంత పనీ చేసింది. నాకొక్క మాటైనా చెప్పకుండా పోయిందని నాకింకా కోపంగానే ఉంది.

తిరువళ్ళూరులో పసిబిడ్డల వార్డులో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక తిరుత్తణిలో మా వీధికి వచ్చింది. నా కూతురు ఏడో నెలలోనే పుట్టింది, కిలో కూడా లేదు. ఇంటికి తెచ్చాక చూడవచ్చిన వాళ్ళంతా అయ్యో అన్నారు. ఆమె ఒక్కతే నవ్వి, "సంతలో వంకాయలు ఇంతకన్నా పెద్దవి దొరుకుతాయి గదే! సరే, ఆస్పత్రి చీటీలు యాడ పెట్టినావు?" అంది.

అన్నీ చదివి, దాచకుండా చెప్పింది. "చిన్నగా పుట్టిన బిడ్డలందరికీ ఫిట్స్ రావు అమ్మాయ్. దీనికి మెదడులో కొంచెం రక్తం కారినాది, మొదటి వారమే ఒకసారి ఫిట్స్ వచ్చినాయి. అందుకని మిగతా బిడ్డలకన్నా భయం ఎక్కువ. రాకనూ పోవచ్చు. కనిపెట్టుకోని ఉండు." నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు మురుకులు పట్టుకుని తనే వచ్చింది.

పాపకు మూడేళ్ళప్పుడు ఫిట్స్ రానే వచ్చాయి. గడప దగ్గర పడి కొట్టుకుంటుంటే మా అత్త ఇనుప తాళాల గుత్తి తెచ్చి దాని పిడికిట్లో పెట్టబోయింది. మా వైపు అదే పద్ధతి. నేను దాని పళ్ళ మధ్య స్పూను దూర్చబోయాను. నర్సమ్మ పరుగున వచ్చి, గుత్తి లాక్కుని నా చేతుల్లో పెట్టింది.

"ఇనుము పట్టుకోవాల్సింది బిడ్డ కాదు, నువ్వు! రెండు చేతులతో పట్టుకో, వదిలినావంటే చూడు!"

రెండు చేతులూ గుత్తికే సరిపోయాయి, ఇక నోట్లో ఏం పెడతాను? ఆమె పాపను పక్కకు తిప్పి, తల కింద దుప్పటి మడిచిపెట్టి, గడియారం చూస్తూ కూర్చుంది. "అయిదు నిమిషాలు దాటితే ఆటో పిలవండి" అంది. రెండు నిమిషాల్లోనే ఆగింది. ఇంట్లో ఇనుము పట్టుకున్నారు కాబట్టి మా అత్తకూ తృప్తే!

తర్వాత ఆస్పత్రికి తనే తీసుకెళ్ళింది. దారిలో నేను ఏడుస్తుంటే, "ఇది శాపమూ కాదు, నీ తప్పూ కాదు. మాత్ర మరిచినావంటే మాత్రం నీ తప్పే" అంది. ఆ రోజు నుంచి సాయంత్రమైతే చాలు, తన వాకిట్లోంచి "మాత్ర ఏసినావా?" అని కేక పెట్టేది. నేను నోరు తెరిచేలోగా ఇరుగుపొరుగు అంతా "ఏసింది, ఏసింది!" అని జవాబిచ్చేవాళ్ళు. పాపకిప్పుడు తొమ్మిదేళ్ళు. చివరిసారి ఫిట్స్ వచ్చి రెండేళ్ళు దాటింది. ఆ తాళాల గుత్తి కథ దానికి ఎన్నిసార్లు చెప్పానో!

మంగళవారం కబురు విని నేను గడపలోనే కూలబడ్డాను. నా కూతురు మేకుకున్న తాళాల గుత్తి తెచ్చి, నా రెండు చేతుల్లో పెట్టి మూసింది.

"గట్టిగా పట్టుకో అమ్మా" అని, పక్కన కూర్చుని గడియారం చూడసాగింది.