మెలిక కుడి దిక్కే!

2019ల, వానలు తగ్గుతున్న రోజులు. వికారాబాద్ జిల్లాల పశువుల డాక్టరుగ నాకది మొదటి పోస్టింగు. దవాఖానకు ఎవరొచ్చినా నన్ను చూసి, నా ఎన్కకు చూసేటోళ్లు, డాక్టర్ సారు లోపలున్నడేమో అని. "సారు ఎవరు లేరు, నేనే డాక్టర్ని" అని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చేది.

ఒకనాడు పొద్దుగాల్నే ధారూర్ దిక్కు ఒక ఊరి నుంచి మార్తమ్మ ఫోన్ చేసింది. ఆమెకున్నది ఒక్కటే బర్రె. భర్త పోయినంక దాని పాల మీదనే ఇల్లు నడుస్తున్నది. బర్రె నిన్నటిసంది నొప్పులు పడుతున్నదట, నీళ్ల సంచి పగల్లేదు, దుడ్డె బయటికి రాలేదు. "జర జల్ది రా బిడ్డా, అది పోతే నేను పోయినట్టే" అన్నది.

నేను పోయేసరికి కొట్టం నిండ మగోళ్లు. అందరికంటే ముందు మార్తమ్మ బావ యేసురత్నం, చేతుల తాడుతోని. ఊర్ల ఏ బర్రె ఈనకున్నా ఆయన్నే పిలుస్తరట. "దుడ్డె కాళ్లకు తాడు కట్టి నలుగురం గుంజుతం మేడం. మీరొక సూది ఇచ్చి పక్కకు జరుగున్రి" అన్నడు.

నాకు సర్రున మండింది. "ముందు నేను చెయ్యి పెట్టి చూస్త. అప్పటిదాక ఎవరన్న తాడు ముట్టిన్రంటే మంచిగుండదు" అన్న.

భుజం దాక గ్లౌజు తొడిగి చెయ్యి పెట్టిన. లోపల తొవ్వ సక్కగ లేదు. తడిబట్ట పిండినట్టు కుడి దిక్కు మెలివడ్డది, రెండు వేళ్ల కంటే ఎక్కువ పోతలేవు. దీన్ని మేం టార్షన్ అంటం, గర్భసంచి తన చుట్టు తాను తిరిగిపోవుడు. గప్పుడు గుంజితే సంచి చినిగి బర్రె చస్తది. సూదితోని తగ్గేది కాదు. బర్రెను మెలిక ఉన్న దిక్కే పండవెట్టి, పొట్ట మీద చెక్క ఏసి, దాని మీద ఒక మనిషిని నిలవెట్టి, కాళ్లకు కట్టిన తాళ్లు పట్టుకొని బర్రెను అదే దిక్కు దొర్లియ్యాలె. చెక్క బరువుకు లోపల దుడ్డె కదలదు, బర్రె ఒళ్లు మాత్రం తిరుగుతది. గట్ల మెలిక ఇడుస్తది.

"ఈనే బర్రెను దొర్లిస్తదట!" అని ఒకడు నవ్విండు. అయినా బతిమాలి, బెదిరించి, కుడికి ఒకపారి దొర్లిపిచ్చిన. నీళ్లు రాలే. ఏం కాలే.

మా సీనియర్ సారుకు ఫోన్ చేసిన. ఆయన్ని అడగకుంట నేను అప్పటిదాక ఏ పెద్ద కేసు చెయ్యలే. "ఎడమ మెలికను కుడి అనుకున్నవేమో. కొత్తల గట్లనే అయితది. ఎడమకు దొర్లియ్యి" అన్నడు. దిక్కు తప్పు పోతే మెలిక ఇంకింత బిగుస్తది. ఆడ యేసురత్నం మళ్ల తాడు తీస్తుండు.

అప్పటిదాక బర్రె తల పట్టుకొని కూసున్న మార్తమ్మ నన్ను చూసింది. "బిడ్డా, నీ చెయ్యి ఏం చెప్తున్నది?"

"కుడి అనే చెప్తున్నది. కానీ సారు..."

"మీ సారు చెయ్యి నా బర్రె లోపలున్నదా? నీదున్నది. నువ్వు చెప్పినట్టే కానీ."

మళ్ల చెయ్యి పెట్టిన. కండ్లు మూసుకున్న. మెలిక కుడికే ఉన్నది. ఇందాక రెండు వేళ్లే పోయిన కాడ ఇప్పుడు అరచెయ్యి పోతున్నది. అంటే జరంత ఇడిసింది! ఒక్కపారికే మొత్తం ఇడుస్తదనుకున్న, ఇడవకపోయేసరికి భయపడ్డ, అంతే. గప్పుడే ఫోన్ మోగింది, సారే. ఎత్తలే.

"కుడికే! మళ్ల కుడికే!" అని అరిచిన. "యేసురత్నం పెద్దాయనా, తాడు ఇడిసి చెక్క ఎక్కు. ఈ ఊర్ల నీ అంత బరువైన మనిషి లేడు."

అందరు గొల్లున నవ్విన్రు. ఆయన గొణుక్కుంటనే ఎక్కిండు. దొర్లిచ్చిన్రు. బర్రె ఇంక లేవకముందే నీళ్లు బుస్సున వచ్చి నా చెప్పులు తడిసినయి. తర్వాత దుడ్డె మెల్లగ వచ్చింది, కానీ ఊపిరి లేదు. ముక్కుల గడ్డిపోస పెట్టి గెలికిన, గెలికిన... తుమ్మింది! మార్తమ్మ నన్ను పట్టుకొని ఏడ్సింది. నేను కూడ ఏడ్సిన, సిగ్గేంది దాంట్ల.

ఇప్పుడు తాండూర్ల ఉంటున్న. పెద్దోళ్లను అడుగుడు తప్పని నేననను, ఇప్పటికీ అడుగుత. కానీ అడిగినంక కూడ నా చెయ్యి ఒకటే మాట చెప్తుంటే, ఇంకెవ్వరి మాటా ఇనను.

మొన్న దోమ మండలం నుంచి ఒక కొత్త డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మేడం, రెండుపార్లు చూసిన, ఎడమ మెలికనే. ఇక్కడ అందరు కాదంటున్నరు. మీరేమంటరు?"

"లోపల చెయ్యి ఎవరిది?"

"నాదే మేడం."

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్?" అని ఫోన్ పెట్టేసిన.

ఆ పిల్లకు కోపమొచ్చి ఉంటది. రానీ.