గాలి చూసే అక్క

గేటు దాటే ముందు అక్క చున్నీ అంచు పైకెత్తి గాలి ఎటు వీస్తోందో చూసేది. గోదావరిలో పడవ నడిపిన నాన్న దగ్గర నేర్చుకుందట. షార్జాలో ఆ విల్లాకు ఆవిడ వంటమనిషి, నేను డ్రైవర్ని. మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, పెంచే వేటకుక్కను తిప్పేది కూడా ఆవిడే.

అది ఆపరేషన్ చేయించని మగకుక్క. వీధిలో ఏ ఆడకుక్క ఎదకొచ్చినా తిండి ముట్టదు, తాడు తెంపుకుంటుంది. ఇంకోసారి పారిపోతే ఎడారి తోటకు పంపేస్తానన్నాడు కఫీల్. అందుకే అక్క ఆ వాసన రాని దారి వెతికేది.

ఓ సాయంత్రం గాలి మళ్లింది. కుక్క మూలుగుతూ రోడ్డు మీదే కూలబడింది. అక్క పక్కన కూర్చుని దాని చెవులు నిమిరింది.

"నీ తప్పేం లేదు నాన్నా. ఆ వాసన మూడు వారాలేగా, ఓర్సుకో."

కరోనాలో సెలవు పోయి, ఆవిడ భర్తను చూసి అప్పటికి నాలుగేళ్లు.

వీసా అయిపోయి అక్క ఊరెళ్లిపోయాక తాడు నా చేతికొచ్చింది. చుట్టుపక్కల ఏ ఆడకుక్కా ఎదలో లేదు. అయినా అది తిండి మానేసింది, ప్రతి మలుపులో నేల వాసన చూసి ఆగిపోయేది. నేనూ రుమాలు ఎత్తి గాలి చూశాను. ఆవిడ నడవని దారి ఒక్కటీ దొరకలేదు.