ఎన్నటికీ డ్రైవింగ్ రాని సేఠ్

వరంగల్ చౌరస్తా దగ్గర గిన్నెల దుకాణం నడిపే ఓంప్రకాశ్ సేఠ్‌కు ఒకటే పిచ్చి. ఆయన డ్రైవింగ్ నేర్చుకుంటూనే ఉంటాడు, ఎప్పటికీ నేర్చుకోడు. వానాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి డ్రైవింగ్ స్కూల్లో చేరతాడు. ఫీజంతా ముందే కట్టేస్తాడు. మొదటి రోజే కారు దిగి, దానికో దండం పెట్టి ఇంటికొచ్చేస్తాడు.

ఖిలా వరంగల్ నుంచి వచ్చి ఆ దుకాణంలో పనిచేసే స్రవంతికి బడి వ్యాన్ నడపాలని ఆశ. వాళ్లమ్మ సమ్మమ్మ మార్కెట్లో మిరపకాయల తొడిమెలు తీసి ఇల్లు నెట్టుకొస్తోంది. అందుకే ఆ పిల్ల ఇంట్లో ఫీజు మాటెత్తలేదు. గుండిగ మూతను స్టీరింగులా తిప్పుకుంటుంటే మాత్రం ఒకసారి సేఠ్ కంటపడింది.

"బిడ్డా, రేపు నా డ్రైవింగ్ క్లాసు. ఒక్కన్ని పోవాల్నంటే భయమైతాంది. జర ఎన్క సీట్ల కూసో" అన్నాడు సేఠ్.

ఆ క్లాసు చూసి తీరాల్సిందే! హారన్ కొట్టమంటే వైపర్ వేశాడు. చుక్క వానలేని ఎండలో వైపర్ కిరకిరలాడుతుంటే, ఎదురొచ్చిన బర్రెకు కిటికీలోంచి తల బయటపెట్టి నమస్కారం చేశాడు. బర్రె తప్పుకుంది. కారు కదల్లేదు.

"సేఠ్, క్లచ్ వదులుండ్రి!" అని మొత్తుకున్నాడు నేర్పే రాజమల్లు.

"వదిల్తే పోతది గద!"

"పోవాల్ననే గద మనమొచ్చింది!"

సేఠ్ దిగిపోయాడు. "నాతోని కాదు రాజమల్లూ. ఫీజెట్లాగూ వాపసు రాదు. మిగిలిన క్లాసులు పాడుగావుడెందుకు? ఈ పిల్లకు నేర్పు."

పోయినసారి ఆయన వదిలేసిన క్లాసులతోనే పరకాల కుర్రాడు ఉదయ్ టాక్సీ డ్రైవరయ్యాడు. రాజమల్లు నవ్వుకుని స్రవంతిని ముందు సీట్లోకి పిలిచాడు. ఇంట్లో సమ్మమ్మ కూడా, "అయ్యో, పాడైతయంటే పోయి నేర్చుకో బిడ్డా" అంది.

క్లాసులు పూర్తి కావస్తుండగా ఒక మధ్యాహ్నం, దుకాణం పక్క సందులో సామాన్ల లారీ ఆగి ఉంది. డ్రైవర్ అన్నానికి పోయాడు, ఫోనెత్తడు. అప్పుడే సందు చివరింట్లో ఉండే హారికకు పురిటి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్స్ లోపలికి పోలేక రోడ్డు మీదే ఆగింది. జనమంతా దాని చుట్టూ మూగారు. ముసలి క్లీనర్ లారీ తీసే ధైర్యం చాలక తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు.

సేఠ్ అటూ ఇటూ చూశాడు. తాళంచెవి లాక్కుని లారీ ఎక్కాడు.

స్రవంతి అవతలి తలుపులోంచి ఎగబాకింది. "సేఠ్, వద్దు! మీకు బ్రేకేదో తెల్వది!"

ఆయన అద్దంలోకి ఒక్క చూపు చూశాడు. లారీ వెనక్కి కదిలింది. అటు గోడ, ఇటు పూలబండ్లు, మధ్య బెత్తెడు జాగా. ఒంటి చేత్తో స్టీరింగ్ తిప్పుతూ, ఒక్క బంతిపూల దండైనా ఊగకుండా, అంత లారీనీ రోడ్డు మీదికి తెచ్చి పక్కన పెట్టేశాడు. క్లాసులకు పోకముందైతే అదెంత కష్టమో స్రవంతికి తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు.

అంబులెన్స్ సందులోకి దూసుకుపోయింది. లారీ తీసింది క్లీనరే అనుకుని జనం అతని వీపు తట్టి, "శభాష్!" అన్నారు. సేఠ్ అవతలివైపు దిగి, "ఏమైంది? లారీ ఎవలు తీసిన్రు?" అని అందరికన్నా గట్టిగా అరిచాడు.

దుకాణంలోకి రాగానే స్రవంతి అడ్డంగా నిలబడింది. "మీకు డ్రైవింగ్ వస్తది!"

"మెల్లగ! పెండ్లికి ముందు నాగపూర్ దాక లారీ తోలిన."

"మరి గా వైపర్? గా బర్రె?"

"వైపర్ నాటకమే. బర్రెలంటే మాత్రం నాకు నిజంగనే భయం."

"గిదంత ఎందుకు సేఠ్?"

"ఊకెనే ఫీజు కడ్తనంటే మీ అమ్మ ఒప్పుకుంటదా? తలుపు మొకం మీదనే ఏస్తది. క్లాసులు పాడైతున్నయంటే, పాపమని పంపిస్తది."

స్రవంతి ఆ గిన్నెల మధ్య నిలబడ్డ మనిషిని కొత్తగా చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం పక్క బట్టల దుకాణం వెంకటేశ్వర్లు వచ్చాడు. హారికకు దవాఖానలో ఆడపిల్ల పుట్టిందని కబురు చెప్పి, చాయ్ తాగుతూ, "ఏం సేఠ్, ఈ చలికాలమన్న డ్రైవింగ్ వస్తదా?" అని ఎగతాళి చేశాడు.

సేఠ్ కన్నా ముందు స్రవంతే అందుకుంది. "ఏడికెల్లి వస్తదన్నా! మా సేఠ్‌కు సైకిల్ తొక్కుడు గూడ రాదు!"

"సైకిల్ వస్తది" అని గొణిగాడు సేఠ్.